క్రియాటినిన్ ఎక్కువ వచ్చిందా? నంబర్ వెనక పరిగెత్తకుండా కిడ్నీని కాపాడుకోవడం ఎలా, స్టెప్ బై స్టెప్

రిపోర్ట్‌లో క్రియాటినిన్ పక్కన ఎర్రగా ఒక గుర్తు కనబడగానే చాలామంది చేసే పని ఫోన్ తీసి, దాన్ని తగ్గించే జ్యూస్ ఏదైనా ఉందా అని వెతకడం. భయం వేయడం సహజమే కానీ ఆ వెతుకులాటలో దొరికేవాటిలో సగం పనికిరానివి, కొన్నైతే ఉన్న కిడ్నీని కూడా పాడుచేసేవి. అందుకే ఇది కాస్త వివరంగా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

ముందు క్రియాటినిన్ అంటే ఏంటో చూద్దాం. మన కండరాల్లో క్రియాటిన్ అనే పదార్థం ఉంటుంది, రోజూ దాంట్లో ఒకటి రెండు శాతం క్రియాటినిన్‌గా మారి రక్తంలో కలుస్తుంది, కిడ్నీలు దాన్ని వడపోసి యూరిన్‌లో బయటికి పంపేస్తాయి. వడపోత తగ్గితే రక్తంలో అది పేరుకుంటుంది, అంతే సంగతి. అంటే కిడ్నీని పాడుచేస్తున్నది క్రియాటినిన్ కాదు, కిడ్నీ పని తగ్గిందని అది మనకి చెబుతోంది. థర్మామీటర్‌ని చల్లనీళ్లలో ముంచితే జ్వరం తగ్గదు కదా, ఇదీ అంతే. వడపోత ఎందుకు తగ్గిందో పట్టుకుని ఆ కారణానికి వైద్యం చేస్తే, తగ్గే అవకాశం ఉన్నంతవరకు నంబర్ దానంతటదే తగ్గుతుంది.

స్టెప్ 1: ఆ నంబర్ నిజంగా కిడ్నీ వల్లే పెరిగిందా

సాధారణంగా మగవాళ్లలో 0.7 నుంచి 1.3 వరకు, ఆడవాళ్లలో 0.6 నుంచి 1.1 వరకు నార్మల్ అంటారు, ల్యాబ్‌ని బట్టి కొంచెం అటూ ఇటూ ఉంటుంది. ఇవి డెసీలీటర్‌కి మిల్లీగ్రాముల లెక్క. కొన్ని దేశాల్లో మైక్రోమోల్స్‌లో ఇస్తారు, 90 అనో 110 అనో వస్తే కంగారుపడకండి, దాన్ని 88.4తో భాగిస్తే మన లెక్కలోకి వచ్చేస్తుంది.

కిడ్నీ బాగానే ఉన్నా నంబర్ పెరిగే సందర్భాలు ఉన్నాయి. టెస్ట్‌కి ముందు మాంసం బాగా తినడం, ముందురోజు జిమ్‌లో విపరీతంగా బరువులు ఎత్తడం, క్రియాటిన్ పౌడర్ వాడటం, ఇవన్నీ కాస్త పెంచుతాయి. కొన్ని మందులు కూడా అంతే, ట్రైమెథోప్రిమ్ ఉన్న యాంటీబయాటిక్, కడుపులో యాసిడ్‌కి వాడే సిమెటిడిన్, ట్రైగ్లిజరైడ్స్‌కి వాడే ఫెనోఫైబ్రేట్, హెచ్ఐవీకి వాడే డోలుటెగ్రావిర్ లాంటివి వాడుతుంటే వడపోత మారకపోయినా నంబర్ పెరగొచ్చు. అలాగని ఏ మందూ సొంతంగా ఆపకండి, వాడుతున్న ప్రతిదీ డాక్టర్‌కి చెప్పండి, చాలు.

డాక్టర్ రిపీట్ టెస్ట్ రాస్తే ముందురోజు నుంచి మాంసం మానేసి, ఒకటి రెండు రోజులు భారీ వ్యాయామం ఆపి, మామూలుగా నీళ్లు తాగి, వీలైతే అదే ల్యాబ్‌లో చేయించండి. కండ బాగా ఉన్నవాళ్లకి, లేదా మరీ బక్కచిక్కిపోయినవాళ్లకి క్రియాటినిన్ ఒక్కటే చూస్తే తప్పుదారి పట్టొచ్చు, అలాంటప్పుడు సిస్టాటిన్ సి అనే ఇంకో రక్తపరీక్ష ఉంది, దాని గురించి అడగండి.

ఒక్క విషయంలో మాత్రం ఆగొద్దు. రెండు రోజుల్లో 0.3 పెరిగినా, వారం లోపు పాత నంబర్‌కి ఒకటిన్నర రెట్లు అయినా అది అక్యూట్ కిడ్నీ ఇంజురీ, అంటే కిడ్నీకి ఉన్నట్టుండి దెబ్బ తగిలినట్టు. వాంతులు విరేచనాలతో ఒంట్లో నీరు పోవడం, ఇన్ఫెక్షన్, మందులు, యూరిన్ దారి మూసుకుపోవడం, కారణం ఏదైనా సరే వెంటనే పట్టుకుంటే చాలాసార్లు కిడ్నీ తిరిగి కోలుకుంటుంది. వారం తర్వాత చూద్దాంలే అనుకునే విషయం కాదిది.

స్టెప్ 2: క్రియాటినిన్ కాదు, ఈజీఎఫ్ఆర్ చూడండి

నా ఉద్దేశంలో రిపోర్ట్‌లో అసలు చూడాల్సిన లైన్ ఇదే. క్రియాటినిన్‌ని వయసు, ఆడా మగా అన్నదాంతో కలిపి లెక్కేస్తే నిమిషానికి ఎన్ని మిల్లీలీటర్ల రక్తం వడపోత అవుతోందో ఒక అంచనా వస్తుంది, అదే ఈజీఎఫ్ఆర్. ఇప్పుడు ఎక్కువగా వాడే ఫార్ములా 2021లో వచ్చిన సీకేడీ ఎపి.

ఉదాహరణకి ఇద్దరికీ క్రియాటినిన్ 1.2 వచ్చిందనుకోండి. 25 ఏళ్ల కుర్రాడికైతే ఈజీఎఫ్ఆర్ దాదాపు 86 వస్తుంది, పెద్దగా భయపడాల్సింది లేదు. అదే 1.2 ఒక 65 ఏళ్ల ఆవిడకి వస్తే ఈజీఎఫ్ఆర్ 50 దగ్గర ఉంటుంది, అంటే వడపోత బాగా తగ్గిపోయినట్టే, కానీ రిపోర్ట్‌లో చూస్తే "నార్మల్ కంటే కొంచమే ఎక్కువ ఉంది కదా" అనిపిస్తుంది. ఆడవాళ్లలో, పెద్దవయసువాళ్లలో ఈ జబ్బు చాలాకాలం బయటపడకుండా ఉండిపోవడానికి ఇదొక కారణం.

ఇంకోటి కూడా అర్థం చేసుకోవాలి. 60 ఏళ్ల మగాయనకి క్రియాటినిన్ 1.0 నుంచి 1.5కి పెరిగితే ఈజీఎఫ్ఆర్ 86 నుంచి 53కి పడిపోతుంది. అదే ఆయనకి 4 నుంచి 5కి పెరిగితే 16 నుంచి 12, 13కి తగ్గుతుంది. చూశారా, మొదట్లో వచ్చే ఆ చిన్న పెరుగుదలే పెద్ద నష్టం. "అర పాయింటే కదా పెరిగింది" అని మొదట్లో వదిలేసి, చివర్లో ప్రతి పాయింట్‌కీ ప్రాణం అరచేతిలో పెట్టుకుంటారు, నిజానికి జాగ్రత్త ఎక్కువ పనికొచ్చేది మొదట్లోనే.

స్టేజీల లెక్క ఇలా ఉంటుంది: 90 దాటితే ఒకటి, 60 నుంచి 89 రెండు, 45 నుంచి 59 మూడు ఏ, 30 నుంచి 44 మూడు బి, 15 నుంచి 29 నాలుగు, 15 లోపు ఐదు. మొదటి రెండు స్టేజీల్లో యూరిన్‌లో ప్రోటీన్ పోవడం లాంటి ఇంకో సాక్ష్యం ఉంటేనే జబ్బు అంటారు, అదీ కనీసం మూడు నెలలు అలాగే ఉంటేనే క్రానిక్ అంటారు. ఒక్క రిపోర్ట్ పట్టుకుని నాకు స్టేజ్ త్రీ అట అని కుంగిపోవద్దు. అలాగే పాత రిపోర్టులు ఎక్కడున్నా వెతికి తీయండి, ఐదేళ్లుగా 1.4 దగ్గరే కదలకుండా ఉన్న మనిషికి, ఆరు నెలల్లో 0.9 నుంచి 1.4కి వచ్చిన మనిషికి చాలా తేడా ఉంది. తేదీ, క్రియాటినిన్, ఈజీఎఫ్ఆర్, పొటాషియం, బీపీ ఒక నోట్‌బుక్‌లో వరసగా రాసుకుంటే డాక్టర్ ఒక్క నిమిషంలో మొత్తం కథ చదివేస్తారు.

స్టెప్ 3: కారణం పట్టుకోండి

రక్తపరీక్ష ఒక్కటే సరిపోదు, యూరిన్ టెస్ట్ తప్పనిసరి. యూరిన్‌లో అల్బుమిన్ అనే ప్రోటీన్ ఎంత పోతోందో చెప్పే యూరిన్ అల్బుమిన్ క్రియాటినిన్ రేషియో, ల్యాబ్‌వాళ్లు ఏసీఆర్ అంటారు, గ్రాముకి 30 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, 300 దాటితే బాగా ఎక్కువ. క్రియాటినిన్ నార్మల్‌గా ఉన్నప్పుడే ఇది పెరగడం మొదలవ్వొచ్చు, అందుకే షుగర్ ఉన్నవాళ్లు ఏడాదికోసారి రెండూ చేయించాలి. యూరిన్‌లో నురగ ఎక్కువసేపు పోకుండా ఉంటోందని అనిపిస్తే కూడా ఈ టెస్ట్ అడగండి.

తర్వాత అల్ట్రాసౌండ్. కిడ్నీ సైజు, రాళ్లు, వాపు, ప్రోస్టేట్ పెరిగి యూరిన్ ఆగిపోవడం లాంటివి అందులో తెలుస్తాయి. అడ్డం ఉండి క్రియాటినిన్ పెరిగితే ఆ అడ్డం తీసేయడమే వైద్యం, ఎన్ని పథ్యాలు చేసినా అది పోదు. ఇవి కాక షుగర్, బీపీ, వంశంలో ఎవరికైనా కిడ్నీ జబ్బు ఉందా, ఒంటిమీద దద్దుర్లు కీళ్లనొప్పులు ఉన్నాయా, అన్నీ డాక్టర్ అడుగుతారు, ఏదీ దాచొద్దు. కొందరికి బయాప్సీ, అంటే కిడ్నీలోంచి చిన్న ముక్క తీసి పరీక్షించడం కూడా చేయాల్సి వస్తుంది, ఎందుకంటే రోగనిరోధక శక్తే కిడ్నీ మీద దాడి చేసే రకం జబ్బులకి మందులు వేరే ఉంటాయి, ఆలస్యమైతే అంతగా పనిచేయకపోవచ్చు.

స్టెప్ 4: ఇవాళే ఆపాల్సినవి

అన్నిటికంటే ముందు పెయిన్ కిల్లర్లు. ఐబుప్రోఫెన్, డైక్లోఫినాక్, నాప్రోక్సెన్, ఎసిక్లోఫినాక్, ఇవన్నీ ఒక జాతి మందులు. కిడ్నీలోకి రక్తం తెచ్చే చిన్న నాళాలు తెరుచుకుని ఉండటానికి శరీరం కొన్ని పదార్థాలు తయారుచేసుకుంటుంది, ఈ మందులు ఆ తయారీనే ఆపేస్తాయి. కిడ్నీ బాగున్నవాళ్లకి ఒకటి రెండు రోజులకి పెద్దగా ఏం కాకపోవచ్చు, కానీ ఆల్రెడీ తగ్గిన కిడ్నీకి, మరీ ముఖ్యంగా బీపీకి పేరు చివర ప్రిల్ లేదా సార్టన్ అని వచ్చే మందు, దాంతోపాటు యూరిన్ ఎక్కువ వచ్చే టాబ్లెట్ వాడుతున్నవాళ్లకి మూడోది ఈ పెయిన్ కిల్లర్ తోడైతే మూడూ కలిసి వడపోతని ఒక్కసారిగా పడేస్తాయి. మోకాళ్ల నొప్పులకి ఏళ్ల తరబడి షాపులో అడిగి తెచ్చుకుని వేసుకునేవాళ్లని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది, ఎందుకంటే ఆపగలిగే నష్టం ఇది. నొప్పికి చెప్పిన మోతాదులో పారాసిటమాల్ వీటికంటే సేఫ్, కాళ్లకి పూసే మందులు, ఫిజియోథెరపీ కూడా అడగొచ్చు.

రెండోది పేరు తెలియని మూలికా పొడులు, భస్మాలు, "కిడ్నీ క్లీనింగ్" డ్రింకులు. నేచురల్ అంటే సేఫ్ అని కాదండి. 1990ల్లో బెల్జియంలో బరువు తగ్గడానికి మూలికల మందు వాడిన ఆడవాళ్లలో చాలామందికి కిడ్నీలు పోయాయి, అందులో అరిస్టోలోకిక్ యాసిడ్ ఉన్న మొక్క కలవడం వల్ల. కొన్ని పొడుల్లో సీసం, పాదరసం కూడా ఉంటాయి. లోపల ఏముందో రాసిలేని సీసా మీకు ఎవరు ఎంత ప్రేమగా ఇచ్చినా తాగకండి.

స్టార్ ఫ్రూట్ కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకి విషంతో సమానం, ఎక్కిళ్లతో మొదలై ఫిట్స్ దాకా వెళ్లొచ్చు. రోజూ గ్లాసులకొద్దీ పచ్చి పాలకూర జ్యూస్, మోతాదు మించిన విటమిన్ సి మాత్రలు కూడా వద్దు, వాటి వల్ల ఆక్సలేట్ పెరిగి కిడ్నీలో పేరుకుంటుంది. సిగరెట్ సంగతి వేరే చెప్పక్కర్లేదు, మానేయాలి. గ్యాస్ టాబ్లెట్లు నెలల తరబడి అలవాటుగా వేసుకుంటుంటే అవి ఇంకా అవసరమా అని ఒకసారి అడగండి. ఇక స్కాన్‌కి వెళ్లి కాంట్రాస్ట్ ఇంజెక్షన్ ఇస్తామంటే, మీ ఈజీఎఫ్ఆర్ ఎంతో ముందే చెప్పండి.

స్టెప్ 5: బీపీ

కిడ్నీని కాపాడే పనుల్లో ఒక్కటే ఎంచుకోమంటే నేను బీపీనే ఎంచుకుంటా. చాలామందికి 130/80 లోపు టార్గెట్ పెడతారు, తట్టుకోగలిగితే పైనంబర్ 120 లోపు ఉంచమని కేడిగో అనే అంతర్జాతీయ కిడ్నీ సంస్థ 2021 గైడ్‌లైన్ చెబుతుంది, మీకు ఏది సరిపోతుందో డాక్టరే నిర్ణయించాలి, పెద్దవాళ్లు లేచి నిలబడగానే కళ్లు తిరిగితే టార్గెట్ సడలించాల్సి వస్తుంది.

ఇంట్లో చూసుకునేటప్పుడు ఇలా చేయండి: అరగంట ముందు నుంచి కాఫీ, సిగరెట్ లేకుండా, యూరిన్‌కి వెళ్లొచ్చి, కుర్చీలో వీపు ఆనించి, పాదాలు నేలకి ఆనించి ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోండి, చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద పెట్టండి, చొక్కా మీద కాకుండా చర్మం మీద పట్టీ కట్టండి, నిమిషం గ్యాప్‌తో రెండుసార్లు చూసి రెండూ రాసుకోండి.

స్టెప్ 6: మందులు, ముఖ్యంగా మొదట్లో నంబర్ పెంచే మందులు

ఇక్కడే చాలామంది మోసపోతారు. యూరిన్‌లో ప్రోటీన్ పోతుంటే డాక్టర్లు రామిప్రిల్, లోసార్టన్, టెల్మిసార్టన్ లాంటివి ఇస్తారు, అవి వడపోత గదుల్లో ఒత్తిడి తగ్గిస్తాయి. ఒత్తిడి తగ్గితే వడపోత కూడా కాస్త తగ్గుతుంది, దాంతో మొదటి వారాల్లో క్రియాటినిన్ కొంచెం పెరుగుతుంది, అది చూసి "ఈ మందు నా కిడ్నీ పాడుచేస్తోంది" అని ఆపేస్తారు. నిజానికి నాలుగు వారాల్లో 30 శాతం లోపు పెరిగితే మామూలుగా మందు కొనసాగిస్తారు, ఎందుకంటే ఏళ్లమీద చూస్తే కిడ్నీని కాపాడేది అదే. నంబర్ మాత్రమే తగ్గాలనుకునేవాళ్లు సరిగ్గా ఇక్కడే కిడ్నీని పోగొట్టుకుంటారు. మందు మొదలుపెట్టిన రెండు నుంచి నాలుగు వారాల్లో క్రియాటినిన్, పొటాషియం రెండూ మళ్లీ చూడాలి, 30 శాతం దాటితే గానీ పొటాషియం పెరిగితే గానీ డాక్టర్ సర్దుతారు.

డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ షుగర్ మందులుగా వచ్చాయి కానీ షుగర్ లేని కిడ్నీ పేషెంట్లలో కూడా జబ్బు ముదరడాన్ని నెమ్మదింపజేస్తాయని 2020లో డాపా సీకేడీ, ఆ తర్వాత ఎంపా కిడ్నీ ట్రయల్స్‌లో తేలింది. వీటితోనూ మొదట్లో చిన్న పెరుగుదల ఉంటుంది. షుగర్, కిడ్నీ జబ్బు రెండూ ఉన్నవాళ్లకి ఫినరెనోన్, సెమాగ్లుటైడ్ లాంటివి కూడా ఇప్పుడు ఉన్నాయి. నాకు ఇవి పనికొస్తాయా అని అడగడం మీ హక్కు, మొహమాటపడొద్దు.

షుగర్ విషయంలో హెచ్‌బీఏ1సీ, అంటే రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష, మనిషిని బట్టి 6.5 నుంచి 8 మధ్యలో టార్గెట్ పెడతారు. కిడ్నీ తగ్గేకొద్దీ ఇన్సులిన్ ఒంట్లో ఎక్కువసేపు ఉంటుంది కాబట్టి పాత డోసుకే షుగర్ డౌన్ అవ్వొచ్చు, షుగర్ తగ్గింది కదా అని సంబరపడకుండా ఈజీఎఫ్ఆర్ చూపించండి. ఈజీఎఫ్ఆర్ 45 కిందకి వస్తే మెట్‌ఫార్మిన్ డోసు తగ్గిస్తారు, 30 కిందకి వస్తే ఆపేస్తారు.

వాంతులు, విరేచనాలు, తిండి నీళ్లు లోపలికి పోని జ్వరం వచ్చిన రోజుల్లో పైన చెప్పిన బీపీ మందులు, యూరిన్ టాబ్లెట్, మెట్‌ఫార్మిన్, గ్లిఫ్లోజిన్లు తాత్కాలికంగా ఆపాల్సి రావొచ్చు. ఏవి ఆపాలి, మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలి అన్నది ఒంట్లో బాగున్నప్పుడే డాక్టర్‌తో కాగితం మీద రాయించుకుని పెట్టుకోండి.

స్టెప్ 7: తిండి

ఉప్పుతో మొదలుపెట్టండి. రోజుకి మొత్తం 5 గ్రాములు, అంటే దాదాపు ఒక టీస్పూన్, అదీ వంటలో వేసేది, ప్యాకెట్లలో దాగి ఉన్నది అన్నీ కలిపి. ప్యాకెట్ వెనక సోడియం ఎన్ని మిల్లీగ్రాములో చూసి రెండున్నరతో గుణిస్తే ఉప్పు లెక్క వస్తుంది, 800 మిల్లీగ్రాముల సోడియం అంటే 2 గ్రాముల ఉప్పు, రోజు కోటాలో 40 శాతం ఒక్క ప్యాకెట్‌లో అయిపోయినట్టు. ఉప్పు తగ్గితే బీపీ తగ్గుతుంది, ప్రోటీన్ పోవడం తగ్గుతుంది, కాళ్లవాపు తగ్గుతుంది. కానీ "లో సోడియం సాల్ట్" అని అమ్మే వాటిల్లో చాలావరకు పొటాషియం క్లోరైడ్ ఉంటుంది, కిడ్నీ తగ్గినవాళ్లకి అది ప్రమాదం.

ప్రోటీన్ గురించి రెండు వైపులా తప్పులు జరుగుతాయి. మూడో స్టేజ్ నుంచి డయాలసిస్ దాకా వెళ్లనివాళ్లకి బరువులో కేజీకి రోజుకి 0.8 గ్రాములు సరిపోతుంది, 60 కేజీల మనిషికి 48 గ్రాములు. ప్రోటీన్ పౌడర్లు ఆపేయాలి. అలాగని పప్పులు, గుడ్లు, పాలు అన్నీ మానేసి కండ కరిగిపోయేలా పథ్యం చేస్తే క్రియాటినిన్ తగ్గినట్టు కనబడుతుంది, ఎందుకంటే కండ తగ్గితే క్రియాటినిన్ తయారీయే తగ్గుతుంది, కిడ్నీ బాగుపడి కాదు. మనిషి నీరసించిపోతుంటే రిపోర్ట్ చూసి ఇంట్లోవాళ్లు సంతోషిస్తుంటారు, అంతకంటే అన్యాయం లేదు. డయాలసిస్ మొదలైతే లెక్క మారిపోతుంది, కేజీకి 1 నుంచి 1.2 గ్రాములు కావాలి. పిల్లలకి, గర్భిణులకి ఇవేవీ వర్తించవు.

పొటాషియం రిపోర్ట్‌లో ఎక్కువ ఉంటేనే పండ్లు, కూరగాయలు తగ్గించాలి, నార్మల్‌గా ఉంటే ఊరికే అన్నీ మానేయకండి. ఎక్కువ ఉంటే అరటిపండు, బంగాళదుంప, టమాటా, కొబ్బరినీళ్లు, డ్రై ఫ్రూట్స్ తగ్గించి, కూరగాయలు చిన్నగా తరిగి బాగా ఎక్కువ నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు పారబోయండి, పొటాషియం చాలావరకు ఆ నీళ్లలోకి పోతుంది. ఫాస్ఫరస్ విషయంలో ప్యాకెట్ మీద పదార్థాల లిస్ట్‌లో "ఫాస్" అనే అక్షరాలు వెతకండి, ఫాస్ఫోరిక్ యాసిడ్, సోడియం ఫాస్ఫేట్ అలాంటివి. కోలా డ్రింకులు, ప్రాసెస్డ్ మాంసంలో ఉండే ఈ రకం దాదాపు మొత్తం ఒంటికి పడుతుంది, గింజల్లో పప్పుల్లో ఉండేది అంత పట్టదు.

రక్తంలో యాసిడ్‌ని అదుపులో ఉంచే బైకార్బొనేట్ తగ్గితే డాక్టర్లు సోడియం బైకార్బొనేట్ మాత్రలు ఇస్తారు. ఇది విని వంటసోడా నీళ్లలో కలుపుకుని తాగేవాళ్లున్నారు, వద్దు, అందులోనూ సోడియమే ఉంది.

స్టెప్ 8: నీళ్లు

ఎక్కువ నీళ్లు తాగితే క్రియాటినిన్ కడుక్కుపోతుంది అనేది అందరూ చెప్పే మాట. ఒంట్లో నీరు తగ్గిపోయి పెరిగిన కేసులో అది నిజమే. కానీ మూడో స్టేజ్ వాళ్లతో అదనంగా నీళ్లు తాగించి చూసిన ట్రయల్ ఒకటి 2018లో వచ్చింది, ఏడాది తర్వాత కిడ్నీ తగ్గే వేగంలో తేడా కనబడలేదు. దాహానికి తగ్గట్టు, యూరిన్ లేత పసుపులో ఉండేలా తాగితే చాలు. కాళ్లవాపు, ఆయాసం, గుండె బలహీనత ఉంటే డాక్టర్ చెప్పిన కొలతే తాగాలి. కిడ్నీలో రాళ్లు వచ్చేవాళ్లకి మాత్రం ఎక్కువ నీళ్లు నిజంగానే అవసరం.

వ్యాయామం గురించి ఒక్క ముక్క, వారానికి 150 నిమిషాలు చురుగ్గా నడవండి, బీపీకి షుగర్‌కి రెండింటికీ మంచిది.

స్టెప్ 9: ఎప్పుడు పరిగెత్తాలి, ముందే ఏం సిద్ధం చేసుకోవాలి

యూరిన్ బాగా తగ్గిపోవడం లేదా ఆగిపోవడం, పడుకుంటే ఆయాసం, ఆగని వాంతులు, మత్తుగా తికమకగా మాట్లాడటం, కాళ్లూచేతులు ఒక్కసారిగా పట్టు తప్పడం, గుండె అదరడం, వీటిలో ఏది కనబడినా రాత్రైనా సరే ఎమర్జెన్సీకి వెళ్లండి. పొటాషియం బాగా పెరిగితే గుండె ఆగిపోవచ్చు, దానికి ఇంట్లో చేయగలిగే వైద్యం లేదు.

ఈజీఎఫ్ఆర్ 30 కిందకి వస్తే నెఫ్రాలజిస్ట్, అంటే కిడ్నీ డాక్టర్ దగ్గర రెగ్యులర్‌గా చూపించుకోవాలి, హెపటైటిస్ బి టీకా గురించి అప్పుడే అడగాలి. డయాలసిస్ ఎప్పుడు అన్నది క్రియాటినిన్ 5 దాటిందా 6 దాటిందా అని చూసి నిర్ణయించరు, మనిషి లక్షణాలు, ఒంట్లో నీరు, పొటాషియం, తిండి తినగలుగుతున్నారా అన్నీ చూస్తారు. రాయని చేతి నరాలని కాపాడుకోండి, రక్తం తీయడానికి, సెలైన్‌కి రెండో చేతి అరచేయి వెనక వైపు చూపించండి, రేపు డయాలసిస్ కోసం ఫిస్టులా (చేతిలో ధమనిని సిరతో కలిపే చిన్న ఆపరేషన్) వేయాలంటే ఆ నరాలే కావాలి, అది వాడకానికి సిద్ధమవడానికి కొన్ని నెలలు పడుతుంది. ఈజీఎఫ్ఆర్ 20 దగ్గరికి వస్తుంటే ట్రాన్స్‌ప్లాంట్ గురించి మాట్లాడటం మొదలుపెట్టండి, డయాలసిస్ మొదలయ్యాకే చేయాలన్న రూల్ లేదు, దాత ఉంటే ముందే కూడా చేస్తారు, దాత పరీక్షలకి టైమ్ పడుతుంది కాబట్టి ఇంట్లో ఆ మాట కాస్త ముందుగానే ఎత్తండి.